వైరస్ తగ్గింది, మరి ఈ రెండో జబ్బు ఎక్కడిది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా చెల్లెలికి 19 ఏళ్లు. రెండు నెలల కిందట జ్వరం, తలనొప్పి, ఫిట్స్‌తో ఆస్పత్రిలో చేర్చాం. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిన మెదడువాపు అన్నారు. 21 రోజులు అసైక్లోవిర్ ఎక్కించారు. కోలుకుని ఇంటికి వచ్చింది. కొన్ని విషయాలు మరిచిపోవడం తప్ప బాగానే ఉంది. రెండు వారాలు గడిచాక నిద్రపోవడం మానేసింది. మమ్మల్ని అనుమానించింది, కేకలు వేసింది. తర్వాత మాట తగ్గిపోయి, నోరు, చేతులు అదేపనిగా కదిలించడం మొదలైంది. ముందు మానసిక సమస్య అనుకున్నారు. మళ్లీ వెన్నులోంచి నీరు తీసి చూస్తే వైరస్ లేదు, ఎన్‌ఎండీఏ యాంటీబాడీలు ఉన్నాయి, ఇది ఆటోఇమ్యూన్ జబ్బు అన్నారు. ఇప్పుడు స్టెరాయిడ్లు, ఐవీఐజీ ఇస్తున్నారు. తొందరపడి డిశ్చార్జ్ చేయించామా? ఇంకో వారం మందు ఎక్కించి ఉంటే ఇలా అయ్యేది కాదా? స్టెరాయిడ్లతో వైరస్ తిరగబెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్లకూ ఇలాంటిది వస్తుందా? టీకాలు ఆపేయమని కొందరు అంటున్నారు. మా చెల్లెలు మునుపటిలా అవుతుందా? ఆ రోజుల గురించి ఆమె అడిగితే ఏం చెప్పాలి?

సమాధానం: ముందుగా, తొందరపడి డిశ్చార్జ్ చేయించామన్న బాధ మనసులోంచి తీసేయండి. హెర్పిస్ మెదడువాపుకు అసైక్లోవిర్‌ను రక్తనాళం ద్వారా 14 నుంచి 21 రోజులు ఇస్తారు. మీ చెల్లెలికి అందింది పూర్తి కోర్సు. ఆ మందు వైరస్‌ను పెరగనివ్వదు, అంతవరకే దాని పని. ఇప్పుడు ఆమె మెదడును ఇబ్బంది పెడుతున్నవి ఆమె శరీరమే తయారుచేసిన యాంటీబాడీలు. మామూలుగా క్రిములతో పోరాడాల్సిన ఇవి సొంత శరీరం మీదే దాడి చేస్తే దాన్ని ఆటోఇమ్యూన్ జబ్బు అంటారు. ఈ యాంటీబాడీలను అసైక్లోవిర్ ఏమీ చేయలేదు, ఇంకో వారం ఎక్కించినా సరే.

అసైక్లోవిర్ రాకముందు ఈ జబ్బు వచ్చినవారిలో నూటికి 70 మంది దాకా చనిపోయేవారు. ఆ స్థితి నుంచి మీ చెల్లెలు ఇంటికి రాగలిగిందంటే మొదటి వైద్యం సకాలంలో అందిందనే అర్థం.

ఇక అసలు విషయానికి వస్తాను. హెర్పిస్ మెదడువాపు తగ్గిన కొన్ని వారాలకు కొందరు మళ్లీ దెబ్బతినడం డాక్టర్లు చాలాకాలం నుంచి చూస్తున్నదే. ముఖ్యంగా చిన్నపిల్లలు కోలుకుంటున్నట్టే ఉండి, ఒక్కసారిగా కాళ్లూ చేతులూ మెలికలు తిప్పుతూ, ఎవరినీ గుర్తుపట్టని స్థితిలోకి వెళ్లేవారు. వెన్ను నీటిలో వెతికితే వైరస్ దొరికేది కాదు. ఎంఆర్‌ఐలో కొత్తగా దెబ్బతిన్న చోటు కనిపించేది కాదు. అసైక్లోవిర్ మళ్లీ మొదలుపెట్టినా గుణం ఉండేది కాదు. వైరస్ లేకపోయినా జబ్బు ఎందుకు తిరగబెట్టిందో ఎవరికీ అంతుపట్టలేదు.

దీనికి దారి చూపింది వేరే జబ్బు మీద జరిగిన పని. మెదడు కణాల మీద ఉండి పక్క కణాల సంకేతాలు అందుకునే ఒక ప్రొటీన్ పేరు ఎన్‌ఎండీఏ రిసెప్టర్. జోసెప్ డాల్మౌ అనే న్యూరాలజిస్ట్, ఆయన సహచరులు 2007లో ఎన్‌ఎండీఏ రిసెప్టర్ యాంటీబాడీల వల్ల వచ్చే మెదడువాపును గుర్తించారు. మొదట్లో అది అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉన్న యువతుల్లో కనిపించింది. ఆ తర్వాత ఏ గడ్డా లేనివారిలోనూ, పిల్లల్లోనూ, మగవారిలోనూ కనిపించింది. లక్షణాలు మీరు రాసినవే: నిద్ర లేకపోవడం, అనుమానాలు, భయం, మాట తగ్గిపోవడం, నోరూ చేతులూ తమంతట తాము కదలడం, ఫిట్స్. 2012లో హెరాల్డ్ ప్రూస్ బృందం హెర్పిస్ మెదడువాపు వచ్చిన 44 మంది నమూనాలు పరీక్షిస్తే 13 మందిలో ఇవే యాంటీబాడీలు దొరికాయి. హెర్పిస్ తగ్గాక వచ్చే ఆ రెండో దెబ్బ చాలామందిలో ఆటోఇమ్యూన్ జబ్బేనని అక్కడి నుంచి స్పష్టమవుతూ వచ్చింది.

2018లో స్పెయిన్ నుంచి వెలువడిన అధ్యయనం మీకు ఇంకా దగ్గరది. హెర్పిస్ మెదడువాపు వచ్చిన 51 మందిని మొదటి నుంచి వెంబడించి చూశారు. జబ్బు మొదలైనప్పుడు వాళ్లలో ఎవరికీ ఈ యాంటీబాడీలు లేవు. తర్వాత 14 మందికి, అంటే నూటికి 27 మందికి, ఆటోఇమ్యూన్ మెదడువాపు వచ్చింది. అందరికీ మూడు నెలల లోపే వచ్చింది. ఆ 14 మందిలో 9 మందికి ఎన్‌ఎండీఏ యాంటీబాడీలు, మిగతావారికి మెదడు కణాల మీది వేరే ప్రొటీన్ల మీద పనిచేసే యాంటీబాడీలు ఉన్నాయి. నాలుగేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువగా అసంకల్పిత కదలికలు, ఫిట్స్, స్పృహ తగ్గడం కనిపించాయి. పెద్దపిల్లల్లో, పెద్దవారిలో ప్రవర్తన మారడం, భ్రమలు ఎక్కువ. మీ చెల్లెలి కథ ఈ రెండో రకానికి సరిపోతుంది.

ఆ అధ్యయనంలోని ఇంకో విషయం కూడా చెబుతాను, ఎందుకంటే రేపు ఏదో ఒక పరీక్ష రిపోర్ట్ చూసి మీరు కంగారు పడకూడదు. రెండో జబ్బు రానివారు 37 మంది ఉంటే వారిలోనూ 11 మందికి యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లకు ఏ లక్షణమూ రాలేదు. కాబట్టి రిపోర్ట్‌లో పాజిటివ్ అని ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. మనిషి ఎలా ఉంది, ఏం మారింది అన్నదే ముందు చూడాలి. వైద్యం రిపోర్ట్‌కు కాదు, మనిషికి చేస్తాం.

వైరస్ వల్ల సొంత మెదడు మీద యాంటీబాడీలు ఎందుకు పుడతాయి? హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ప్రపంచంలో సగానికి పైగా మనుషుల్లో ఉంటుంది. పెదవి మీద పొక్కులు తెప్పించేది అదే. చాలామందిలో అది ముఖానికి సంబంధించిన నరాల ముడిలో ఏళ్ల తరబడి నిద్రాణంగా పడి ఉంటుంది. అరుదుగా, ఏడాదికి పది లక్షల మందిలో రెండు నుంచి నలుగురికి, అది మెదడువాపుగా మారుతుంది. మారినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది కణతల లోపలి భాగం. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ ఉండేదీ అక్కడే, ఎన్‌ఎండీఏ రిసెప్టర్లు దట్టంగా ఉండేదీ అక్కడే.

వైరస్ కణాలను చంపినప్పుడు వాటిలోని, వాటి మీది ప్రొటీన్లు ముక్కలై బయటపడతాయి. మామూలుగా రోగనిరోధక వ్యవస్థకు పెద్దగా ఎదురుపడని ప్రొటీన్లివి. అవి మెదడు నుంచి బయటికి వచ్చే ద్రవాలతో కలిసి మెడలోని లింఫ్ గ్రంథులకు చేరతాయి. అదే సమయంలో అక్కడ వైరస్ మీద పోరాటం ఉధృతంగా సాగుతోంది, రోగనిరోధక కణాలన్నీ మేల్కొని ఉన్నాయి. ఆ హడావుడిలో కొన్ని బి కణాలు వైరస్‌తో పాటు ఈ మెదడు ప్రొటీన్ల మీద కూడా యాంటీబాడీలు తయారుచేయడం మొదలుపెడతాయి. హెర్పిస్ విషయంలో శాస్త్రవేత్తలు ఎక్కువగా నమ్ముతున్న వివరణ ఇది. అందుకే రెండో జబ్బు వెంటనే కాకుండా కొన్ని వారాలు ఆగి వస్తుంది. యాంటీబాడీలు తయారై, పెరిగి, మెదడులో పనిచేసే స్థాయికి రావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

ఇంకో దారి కూడా ఉంది. వైరస్‌లోని ఒక ప్రొటీన్ మన శరీరంలోని ఒక ప్రొటీన్‌ను పోలి ఉంటే, వైరస్ కోసం తయారైన యాంటీబాడీ మన ప్రొటీన్‌ను కూడా పట్టుకుంటుంది. దీనికి గట్టి ఉదాహరణ మెదడు, వెన్నుపాములోని నరాల పొరను రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీసే జబ్బయిన మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో దొరికింది. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ పెద్దవారిలో నూటికి సుమారు 95 మందికి ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది. అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా రికార్డులు, దాచిన రక్తం నమూనాలు పరిశీలించి 2022లో ఒక బృందం ఫలితాలు ప్రకటించింది. ఈ వైరస్ సోకాక మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. ఇలాగే వ్యాపించే సైటోమెగలో వైరస్ సోకినవారిలో అలాంటి పెరుగుదల లేదు. అదే ఏడాది ఇంకో బృందం ఈ వైరస్‌లోని ఈబీఎన్ఏ1 అనే ప్రొటీన్‌లోని ఒక భాగం, మన మెదడులోని గ్లియల్‌క్యామ్ అనే ప్రొటీన్‌లోని ఒక భాగం ఒకదాన్నొకటి పోలి ఉన్నాయని, రెండింటినీ పట్టుకునే యాంటీబాడీలు కొందరు రోగుల్లో ఉన్నాయని చూపించింది.

ఇది చదివి కంగారు పడకండి. నూటికి 95 మందికి సోకే వైరస్ అయినా, మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చేది చాలా కొద్దిమందికే. వైరస్ ఒక్కటే చాలదు, జన్యువులు, వయసు, ఇంకా అనేకం కలవాలి. మీ చెల్లెలికి వచ్చినది మల్టిపుల్ స్క్లెరోసిస్ కాదు, అది ముందు ముందు దానిగా మారేది కూడా కాదు. వైరస్ తర్వాత ఆటోఇమ్యూన్ జబ్బు రావడమనేది ఒక్క ఆమెకే జరిగిన వింత కాదని మీకు తెలియాలనే ఇదంతా రాశాను.

తట్టు, ఆటలమ్మ వంటి వాటి తర్వాత కొద్దిమంది పిల్లల్లో మెదడులోని నరాల తంతువులను చుట్టి ఉండే తెల్లపొర అక్కడక్కడా దెబ్బతినే జబ్బు వస్తుంది. డాక్టర్లు దాన్ని ఏడెమ్ అంటారు. తట్టు వచ్చిన ప్రతి వెయ్యి మందిలో సుమారు ఒకరికి ఇలా అవుతుంది. 1930లలో థామస్ రివర్స్ అనే శాస్త్రవేత్త కోతులకు కుందేలు మెదడు కణజాలాన్ని పదేపదే ఎక్కించి, వైరస్ అసలు లేకుండానే ఇలాంటి జబ్బు తెప్పించవచ్చని చూపించాడు. మెదడు మీద శరీరం తానే దాడి చేయగలదన్న ఆలోచనకు అది తొలి గట్టి ఆధారాల్లో ఒకటి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ తర్వాత కూడా మీ చెల్లెలికి వచ్చినటువంటి ఎన్‌ఎండీఏ జబ్బు వచ్చిన కేసులు నమోదయ్యాయి. గిలాన్-బారీ సిండ్రోమ్ అనే ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు మెదడును కాక బయటి నరాలను పట్టుకుంటుంది. 2013-14లో ఫ్రెంచ్ పాలినేషియాలో జికా వైరస్ వ్యాపించినప్పుడు ఆ కేసులు ఒక్కసారిగా పెరిగాయి.

మీ రెండో ప్రశ్న స్టెరాయిడ్ల గురించి. ఆ భయం అర్థం లేనిది కాదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులతో దాగి ఉన్న వైరస్ లేచిన సందర్భాలు వైద్యంలో ఉన్నాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి ఇచ్చే నటాలిజుమాబ్‌నే తీసుకోండి. దాన్ని తీసుకున్న కొందరిలో జేసీ వైరస్ మెదడుకు ఎక్కి ప్రాణాంతకమైన జబ్బు వచ్చింది. 2005లో ఆ మందును మార్కెట్ నుంచి ఆపేసి, మరుసటి ఏడాది కట్టుదిట్టమైన జాగ్రత్తలతో మళ్లీ అనుమతించారు. అందుకే మీ చెల్లెలి డాక్టర్లు స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు వెన్ను నీటిని మళ్లీ తీసి, వైరస్ జన్యు పదార్థం కోసం వెతికే హెర్పిస్ పీసీఆర్ పరీక్ష చేశారు. కొన్నిచోట్ల ఆ రిపోర్ట్ వచ్చేదాకా అసైక్లోవిర్ కూడా తిరిగి మొదలుపెట్టి, నెగెటివ్ అని తేలాక ఆపుతారు. వైరస్ నిజంగానే తిరగబెడితే పీసీఆర్ పాజిటివ్ వస్తుంది, ఎంఆర్‌ఐలో కొత్త దెబ్బ కనిపిస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి వైరస్ లేదు. ఇలా పీసీఆర్ నెగెటివ్ అని చూసుకుని ఈ వైద్యం తీసుకున్నవారిలో హెర్పిస్ తిరగబెట్టడం సాధారణంగా కనిపించలేదు. కాబట్టి ఇప్పుడు వైద్యానికి భయపడి ఆలస్యం చేయడమే ఎక్కువ ప్రమాదం. యాంటీబాడీలు ఎంతకాలం మెదడులో ఉంటే అంత నష్టం, ఫిట్స్ కూడా అదుపు తప్పవచ్చు.

ఆమెకు ఇస్తున్న మందుల్లో స్టెరాయిడ్ దాడి ఉద్ధృతిని తగ్గిస్తుంది. ఐవీఐజీ అంటే అనేకమంది దాతల రక్తం నుంచి సేకరించిన యాంటీబాడీలు, ఇవి చెడు చేసే యాంటీబాడీల ప్రభావాన్ని తగ్గిస్తాయి. కొన్నిచోట్ల రక్తంలోని ప్లాస్మాను తీసి మార్చే పద్ధతి కూడా వాడతారు. రెండు మూడు వారాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే రిటుక్సిమాబ్ వంటి తర్వాతి మెట్టు మందులకు వెళ్లాలి. దాని గురించి మీరే అడగండి. మెరుగుదల లేకపోయినా అదే మందు కొనసాగిస్తూ నెలలు ఎదురుచూడడం నాకు ఇష్టం ఉండదు.

స్టెరాయిడ్ల వల్ల నిద్ర తగ్గుతుంది, చిరాకు పెరుగుతుంది, షుగర్ పెరగవచ్చు, కడుపులో మంట రావచ్చు. ఇవి కనిపిస్తే డాక్టర్‌కు చెప్పండి, కానీ మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. చాలాకాలం వాడాక హఠాత్తుగా ఆపితే శరీరం తన సొంత హార్మోన్ వెంటనే తయారుచేసుకోలేక ప్రమాదంలో పడుతుంది. తగ్గించాల్సిన పద్ధతి కాగితం మీద రాయించుకోండి.

మొదట మానసిక సమస్య అనుకున్నారని బాధగా రాశారు. ఈ జబ్బులో అది తరచుగా జరిగేదే. అనుమానాలు, కేకలు చూస్తే ఎవరికైనా ముందు తట్టేది అదే. కానీ ఇటీవల మెదడువాపు వచ్చిన మనిషిలో ప్రవర్తన కొత్తగా మారితే దాన్ని మెదడు జబ్బుగానే చూసి పరీక్షించాలి. ఈ మాట నేను గట్టిగా చెబుతాను. మూడు నెలల లోపు ఏ కొత్త లక్షణమైనా, అది నిద్ర పట్టకపోవడమే అయినా, న్యూరాలజిస్ట్‌కు చూపించాలి. వెన్ను నీటిలో యాంటీబాడీలు చూడమని అడగాలి. రక్తంలో చూసి నెగెటివ్ అని సరిపెట్టుకోకూడదు, ఎందుకంటే వెన్ను నీటిలో ఉండి రక్తంలో కనిపించనివారు ఉన్నారు. మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష కూడా తోడ్పడుతుంది. డిశ్చార్జ్ కాగితం మీద ఈ జాగ్రత్త ఒక్క వాక్యంగా రాసి ఇస్తే ఎన్నో కుటుంబాలకు కొన్ని వారాల నరకం తప్పుతుంది.

సైకియాట్రిస్ట్ సాయం ఇప్పటికీ అవసరమే. ఆందోళన, నిద్రలేమి తగ్గించడానికి మందులు కావాలి. అయితే భ్రమలకు వాడే కొన్ని మందులు ఈ జబ్బు ఉన్నవారిలో కండరాలు బిగుసుకుపోవడం, తీవ్రమైన జ్వరం వంటివి తెస్తాయి. ఆ మందు మొదలుపెట్టాక ఒళ్లు కర్రలా బిగుసుకుంటే, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. సైకియాట్రిస్ట్, న్యూరాలజిస్ట్ ఇద్దరూ మాట్లాడుకుని మందులు రాసేలా చూడండి.

అండాశయం స్కాన్ చేయమన్నారా అన్నది మీ ఉత్తరంలో లేదు. హెర్పిస్ తర్వాత వచ్చే రకంలో గడ్డ ఉండడం అరుదే. అయినా మీ చెల్లెలి వయసులో ఒకసారి స్కాన్ చేసి లేదని తేల్చుకోవడం మంచిది.

మునుపటిలా అవుతుందా అని అడిగారు. నిజమే చెబుతాను. మీ చెల్లెలి మెదడుకు రెండు రకాల నష్టం జరిగింది, రెండింటినీ వేరుగా చూడాలి. హెర్పిస్ వైరస్ కొన్ని కణాలను చంపింది. చనిపోయినవి తిరిగి రావు. వాటి పనిని మిగతా మెదడు కొంతవరకు నేర్చుకుంటుంది, కొంత లోటు మిగలవచ్చు. యాంటీబాడీల పని అలా కాదు. అవి ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను పట్టుకుని కణం ఉపరితలం నుంచి లోపలికి లాగేస్తాయి. కణం మాత్రం బతికే ఉంటుంది. యాంటీబాడీలు తగ్గితే రిసెప్టర్లు మళ్లీ పైకి వస్తాయి. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఇది జరగడం చూశారు. ఇప్పుడు మీకు కనిపిస్తున్న మాట లేకపోవడం, భయం, కదలికలు చాలావరకు ఈ రెండో రకం నష్టమే. నా ఆశ దాని మీదే.

హెర్పిస్ లేకుండా నేరుగా వచ్చే ఎన్‌ఎండీఏ జబ్బులో 577 మందిని చూసిన అధ్యయనం 2013లో వచ్చింది. రెండేళ్లకు వారిలో నూటికి 81 మంది సొంత పనులు చేసుకునే స్థితికి చేరారు. హెర్పిస్ తర్వాత వచ్చినవారిలో ఫలితాలు అంత బాగా ఉండవు, ముఖ్యంగా చాలా చిన్నపిల్లల్లో. మీ చెల్లెలు ఆ వయసు దాటింది, అది ఆమెకు అనుకూలమే. ఇంకో సంగతి, ఈ మెరుగుదల నెమ్మదిగా జరుగుతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటాక కూడా మార్పు వస్తూనే ఉంటుంది. లక్షణాలు వచ్చిన వరుసకు ఎదురు వరుసలో తగ్గడం చాలామందిలో చూస్తాం. ముందు కదలికలు, స్పృహ సర్దుకుంటాయి. ప్రవర్తన, ప్లానింగ్, జ్ఞాపకం చివరికి వస్తాయి. అందుకని మాట వచ్చి నడుస్తోంది కదా అని నెలరోజులకే కాలేజీకి పంపకండి. చదివినది గుర్తుండక, అది తన చేతకానితనం అనుకుని కుంగిపోతుంది.

స్పీచ్ థెరపీ, జ్ఞాపకశక్తికి సంబంధించిన శిక్షణ ఆస్పత్రిలో ఉండగానే మొదలుపెట్టమని అడగండి. ఇంట్లో పెద్ద డైరీ ఒకటి పెట్టండి. ఆ రోజు ఏం జరిగింది, ఏ మందు వేసుకుంది, ఎంతసేపు నిద్రపోయింది అన్నవి ఆమె చేతే రాయించండి. రాయలేని రోజుల్లో మీరు రాయండి. తర్వాతి సారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "బాగానే ఉంది" అనే మాట కంటే ఆ డైరీ ఎక్కువ చెబుతుంది. ఫిట్స్ మందులు ఒక్క పూట కూడా తప్పనివ్వకండి. నిద్ర తగ్గితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి రాత్రి త్వరగా పడుకోబెట్టడం కూడా మందులాంటిదే. జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది. ఆ 2013 అధ్యయనంలో రెండేళ్లలో నూటికి 12 మందికి తిరిగి వచ్చింది. పాత లక్షణాలు ఏవైనా మళ్లీ మొదలైతే ఫోన్‌లో సలహా కోసం ఆగకుండా నేరుగా తీసుకెళ్లండి.

మీ పిల్లల గురించి. ఎన్‌ఎండీఏ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటదు. పిల్లలు పిన్ని దగ్గర కూర్చోవచ్చు, పక్కన పడుకోవచ్చు. ఇది ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వచ్చే రకం కూడా కాదు. హెర్పిస్ మెదడువాపు వచ్చిన కొద్దిమంది చిన్నపిల్లల్లో మాత్రం టీఎల్ఆర్3 వంటి జన్యువుల్లో లోపం ఉందని 2007 ప్రాంతంలో కనుగొన్నారు. ఆ లోపం వల్ల మెదడు కణాలు ఆ ఒక్క వైరస్‌ను ఎదుర్కోలేవు. మీ కుటుంబంలో ఇంకెవరికీ ఇలాంటిది రాకపోయి ఉంటే పిల్లలకు జన్యు పరీక్షలు చేయించాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

వైరస్‌కూ ఆటోఇమ్యూన్ జబ్బుకూ ఉన్న ఈ సంబంధం వెనక్కి కూడా నడుస్తుంది. కొందరి శరీరంలో ఇంటర్‌ఫెరాన్ అనే వైరస్ నిరోధక పదార్థం మీదే ముందు నుంచీ యాంటీబాడీలు ఉంటాయి. వెస్ట్ నైల్ వైరస్ మెదడుకు ఎక్కినవారిలో నూటికి సుమారు 40 మందిలో ఇవి ఉన్నట్టు 2023లో తేలింది. అంటే కొందరిలో ముందు ఆటోఇమ్యూన్ లోపం ఉండి, దాని వల్ల వైరస్ మెదడు దాకా వెళ్లగలుగుతుంది. రేపు ఎవరికి ముప్పు ఎక్కువో ముందే తెలుసుకోవడానికి ఈ దారిలో జరుగుతున్న పని మీద నాకు చాలా నమ్మకం ఉంది.

టీకాలు ఆపమన్నవారి మాట వినకండి. మీ పిల్లలకు వేయాల్సినవన్నీ వేళకు వేయించండి. తట్టు వస్తే వెయ్యిలో ఒకరికి మెదడు దెబ్బతినే ముప్పు ఉందని పైన రాశాను. అది కాక, తట్టు వైరస్ కొందరి మెదడులో ఏళ్ల తరబడి దాగి, తర్వాత ప్రాణం తీసే ఎస్‌ఎస్‌పీఈ అనే జబ్బుగా బయటపడుతుంది. అది ఆటోఇమ్యూన్ కాదు, వైరస్ నేరుగా చేసే నష్టం, దానికి నయం చేసే మందు లేదు. ఈ రెండింటినీ అడ్డుకునేది టీకా ఒక్కటే. జాగ్రత్త అవసరమైంది మీ చెల్లెలికి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్ వాడుతున్నంత కాలం ఆమెకు బతికున్న వైరస్‌తో చేసిన టీకాలు వేయకూడదు. మిగతావి ఎప్పుడు వేయాలో ఆమె న్యూరాలజిస్ట్ చెబుతారు. ఇంట్లో మిగిలినవారు టీకాలు వేయించుకుంటే ఆమెకూ రక్షణే.

చివరగా, ఆమె అడిగితే ఏం చెప్పాలన్నది. ఈ జబ్బు తీవ్రంగా ఉన్న రోజులు చాలామందికి అస్సలు గుర్తుండవు. మీ చెల్లెలికి కూడా గుర్తుండకపోవచ్చు. అయినా చుట్టూ ఉన్నవాళ్లు ఏదో దాస్తున్నారని ఆమెకు తెలుస్తుంది, తను ఏం చేసిందోనని ఊహించుకుని భయపడుతుంది. అందుకే చెప్పండి. ఒకేసారి కాదు, ఆమె అడిగినంత మేరకు. "నీకు మెదడువాపు వచ్చింది, వైరస్ తగ్గింది, తర్వాత నీ శరీరంలో తయారైన యాంటీబాడీల వల్ల మళ్లీ ఇబ్బంది పడ్డావు, అప్పుడు అన్న మాటలు నీ ఇష్టంతో అన్నవి కావు" అని చెప్పండి. మిమ్మల్ని అనుమానించిన సంగతి, అరిచిన సంగతి వివరంగా తెలుసుకోవాలని ఆమే అడిగితే అప్పుడు చెప్పండి. ఆమెతో పాటు ఒకసారి న్యూరాలజిస్ట్ దగ్గర కూర్చుని, ఎంఆర్‌ఐ ఫిల్మ్ చూపిస్తూ వివరించమని అడగండి. తన ప్రశ్నలన్నీ ఆమెనే అడగనివ్వండి.